రేపటిని ముందే చూసిన నేవీ బామ్మ

భవిష్యత్తు చెప్పేవాళ్ళు మనకి కొత్తేమీ కాదు. చెయ్యి పట్టుకుని సోది చెప్పే ఎరుకలసాని, పంజరంలోంచి చిలకని బయటికి పిలిచి కార్డు తీయించే జోస్యుడు, ఉగాది నాడు పంచాంగం విప్పే పంతులుగారు... వీళ్ళందర్నీ చిన్నప్పట్నుంచీ చూస్తూనే ఉన్నాం. అమెరికా నౌకాదళంలో కూడా ఇలాంటి ఓ బామ్మ ఉండేది. అయితే ఆవిడ చేతిలో చిలకా ఉండేది కాదు, పంచాంగమూ ఉండేది కాదు. అడుగు పొడవున కత్తిరించిన టెలిఫోను తీగ ముక్కల కట్ట ఉండేది! ఎదురుగా కూర్చుని వినేవాళ్ళు కూడా అల్లాటప్పా మనుషులు కారు. అడ్మిరల్స్, జనరల్స్, రక్షణ శాఖ పెద్దలు. రాబోయే రోజుల్లో కంప్యూటర్లు ఎలా ఉంటాయి, వాటిని నడిపించే సాఫ్ట్‌వేర్ ఎలా ఉండాలి, సైన్యంలో గుట్టలుగా పోగుపడే సమాచారాన్ని ఏం చెయ్యాలి అని ఆవిడ చెబుతుంటే అంతటివాళ్ళూ బుద్ధిగా వినేవారు.

ఆ బామ్మ పేరు గ్రేస్ హాపర్. కంప్యూటర్ కోర్సులు చేసినవాళ్ళకి కోబాల్ అన్న మాట తెలిసే ఉంటుంది. బ్యాంకుల్లో, బీమా ఆఫీసుల్లో, జీతాల లెక్కల్లో ఏళ్ళ తరబడి చాకిరీ చేసిన ప్రోగ్రాం భాష అది. 1997లో డిగ్రీ పూర్తి చేసి, తెనాలి నుంచి హైదరాబాదొచ్చి, అమీర్‌పేటలో ఓ మేడమీద గదిలో నేనూ కోబాల్ నేర్చుకున్నాను. ఆ భాష వెనక ఓ ఆడమనిషి ఉందని, ఆమె సైన్యంలో అధికారి అని అప్పుడు నాకెవరూ చెప్పలేదు. తర్వాత ఆమె గురించి దొరికిందల్లా చదువుతూ వచ్చాను. చదివినకొద్దీ ఒకటే ఆశ్చర్యం. అంతమంది మేధావులకి కనిపించని రేపు ఈవిడకెలా కనిపించింది?

గడియారాలు విప్పిన పిల్ల

గ్రేస్ 1906 డిసెంబరు 9న న్యూయార్క్ నగరంలో పుట్టింది. ముగ్గురు పిల్లల్లో పెద్దది. తండ్రి వాల్టర్ మర్రేది బీమా వ్యాపారం. తల్లి మేరీకి లెక్కలంటే ప్రాణం. కానీ ఆమె చదువుకునే రోజుల్లో ఆడపిల్లకి లెక్కలెందుకన్న ధోరణే ఎక్కువ. ప్రత్యేకంగా ఏర్పాటు చేస్తే జామెట్రీ వరకూ చదవనిచ్చారు, అంతే. తల్లికి తీరని ఆ ముచ్చట కూతురి దగ్గర తీరింది.

వేసవి సెలవులకి ఈ కుటుంబం న్యూ హాంప్‌షైర్‌లో సరస్సు ఒడ్డునున్న ఇంటికి వెళ్ళేది. ఆ ఇంట్లో గదికో అలారం గడియారం. ఏడేళ్ళ గ్రేస్‌కి అదెలా మోగుతుందో చూడాలనిపించింది. ఒకటి విప్పింది. మళ్ళీ బిగించడం రాలేదు. ఎలా బిగించాలో తెలుస్తుందని రెండోది విప్పింది. అలా ఏడు గడియారాలూ విప్పేసింది! మన ఇళ్ళల్లో అయితే వీపు విమానం మోత మోగిపోయేది. ఆ తల్లి మాత్రం ఇకమీదట ఒక్క గడియారంతోనే ఆడుకోమని షరతు పెట్టి ఊరుకుంది. పిల్లల చేతిలో వస్తువు పాడైనప్పుడల్లా నాకు ఆ తల్లే గుర్తొస్తుంది.

తండ్రికి రక్తనాళాల జబ్బు చేసి రెండు కాళ్ళూ తీసెయ్యాల్సి వచ్చింది. అయినా కొడుకు చదివినంతా కూతుళ్ళూ చదవాల్సిందేనని పట్టుబట్టాడాయన. పదహారేళ్ళకి వాసర్ కాలేజీలో చేరబోతే లాటిన్‌లో మార్కులు చాలక సీటు రాలేదు. మరుసటేడు మళ్ళీ రాసి చేరింది. 1928లో డిగ్రీ, 1930లో యేల్ విశ్వవిద్యాలయం నుంచి ఎమ్మే, 1934లో అక్కడే గణితంలో డాక్టరేటు. 1930లోనే విన్సెంట్ హాపర్‌ని పెళ్ళి చేసుకుంది. ఆయన సాహిత్యం పాఠాలు చెప్పే అధ్యాపకుడు. తను చదివిన వాసర్ కాలేజీలోనే 1931 నుంచి లెక్కలు చెప్పింది. మంచి ఉద్యోగం, పేరు, జీతం. ఆ దారినే పోయి ఉంటే మనమిప్పుడు ఆమె గురించి చెప్పుకునేవాళ్ళం కాదేమో.

వయసెక్కువ, బరువు తక్కువ

1941 డిసెంబరులో జపాన్ విమానాలు పెర్ల్ హార్బర్ మీద బాంబులు వేశాయి. అమెరికా యుద్ధంలోకి దిగింది. గ్రేస్ తల్లివైపు ముత్తాత నౌకాదళంలో అడ్మిరల్ హోదా దాకా వెళ్ళినవాడు. తనూ నేవీలో చేరతానంది. అధికారులు కుదరదన్నారు. ఒకటి, వయసు మించిపోయింది. రెండు, సన్నగా రివటలా ఉండేది. నిబంధన ప్రకారం 120 పౌన్లు బరువుండాలి. ఆమె 105 పౌన్లే. మూడు, లెక్కల ప్రొఫెసరు కాబట్టి కాలేజీలో ఉంటేనే దేశానికి ఎక్కువ ఉపయోగమన్నారు.

ఆమె వదల్లేదు. కాలేజీకి సెలవు పెట్టింది, బరువు విషయంలో మినహాయింపు సంపాదించింది. 1943 డిసెంబరులో నౌకాదళం మహిళా రిజర్వులో చేరింది. తన దగ్గర చదువుకున్న పిల్లల వయసువాళ్ళతో కలిసి కవాతు చేసి, 1944లో శిక్షణలో అందరికంటే మొదటిస్థానంలో వచ్చింది. అప్పటికే భార్యాభర్తలు దూరమయ్యారు. 1945లో విడాకులయ్యాయి. హాపర్ అన్న ఇంటిపేరు మాత్రం చివరిదాకా ఉంచుకుంది. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. పిల్లలు లేరు.

శిక్షణ అయ్యాక ఓడ మీదికి పంపుతారనుకుంటే హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి పంపారు. అక్కడ హొవార్డ్ ఐకెన్ అనే నేవీ అధికారి ఆధ్వర్యంలో ఒక వింత యంత్రం పనిచేస్తోంది. పేరు మార్క్ వన్. 51 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు, దాదాపు 5 టన్నుల బరువు. సెకనుకి మూడు కూడికలు చేస్తుంది. ఇప్పటి లెక్కలో నవ్వొస్తుంది గానీ, అప్పట్లో అదే అద్భుతం. కాగితం చుట్ట మీద చిల్లులు పొడిచి దానికి పని చెప్పాలి. ఒక్క చిల్లు తప్పు పడితే లెక్కంతా గంగలో కలిసినట్టే.

ఫిరంగి గుండు ఎంత దూరం పోతుంది, సముద్రంలో మందుపాతరల్ని ఎలా ఏరివెయ్యాలి... ఇలాంటి లెక్కలు రాత్రింబవళ్ళు నడిచేవి. 1944లో ప్రసిద్ధ గణిత శాస్త్రవేత్త జాన్ వాన్ న్యూమన్ ఒక లెక్క పట్టుకొచ్చాడు. దేనికోసమో అక్కడివాళ్ళకి చెప్పలేదు. అది అణుబాంబు తయారీకి సంబంధించిన లెక్క. యుద్ధంలో కంప్యూటర్ అంటే ఏమిటో, దాని వెనక కూర్చున్న మనిషికి అసలు విషయం ఎంత తక్కువ తెలుస్తుందో ఈ ఒక్క సంగతి చాలదూ? ఈ భాగం చదివినప్పుడల్లా నా మనసు బరువెక్కుతుంది.

మార్క్ వన్‌ని ఎలా నడపాలో చెబుతూ అయిదు వందల పేజీలు దాటిన పుస్తకం రాసే పని కూడా ఐకెన్ ఆమెకే అప్పగించాడు. అది 1946లో అచ్చయింది. అంతపెద్ద యంత్రం గురించి కొత్తవాళ్ళకి అర్థమయ్యేలా చెప్పడం అక్కడే అలవాటైంది ఆమెకి. తర్వాత ఆమె సాధించినవన్నీ ఆ అలవాటు చలవేనని నాకనిపిస్తుంది.

అన్నట్టు, రెక్కల పురుగు కథ కూడా ఇక్కడిదే. 1947 సెప్టెంబరు 9న మార్క్ టూ యంత్రం మొరాయిస్తే విప్పి చూశారు. లోపల రిలేలో ఓ రెక్కల పురుగు ఇరుక్కుని చచ్చి ఉంది. దాన్ని తీసి రికార్డు పుస్తకంలో అంటించారు. ప్రోగ్రాంలో తప్పుని బగ్ అనడం హాపర్‌తోనే మొదలైందని చాలాచోట్ల రాస్తుంటారు. అది నిజం కాదు. ఆ మాట అంతకుముందే ఇంజనీర్లలో ఉంది. పురుగుని పట్టుకున్నదీ ఆవిడ కాదు. కాకపోతే ఆ కథని పదిమందికీ రుచిగా చెప్పి పేరు తెచ్చింది మాత్రం ఆవిడే.

పోపు పెట్టమంటే చాలదూ?

యుద్ధం ముగిసింది. రెగ్యులర్ నేవీలోకి తీసుకోమని అడిగితే మళ్ళీ వయసు అడ్డొచ్చింది. రిజర్వులో మాత్రం ఉంచారు. వాసర్ కాలేజీ రమ్మంది, ఆమె వెళ్ళలేదు. హార్వర్డ్‌లో పని 1949లో ముగిసింది. నలభై దాటాయి, ఇల్లూ సంసారం లేవు. ఒంటరితనంలో తాగుడు కూడా ఆమెని బాగానే కుంగదీసింది. అలాంటి రోజుల్లో ఫిలడెల్ఫియాలోని ఎకర్ట్-మాక్లీ అనే చిన్న కంప్యూటర్ కంపెనీలో చేరింది. నిలుస్తుందో లేదో తెలియని కంపెనీ. ఏడాది తిరక్కుండా దాన్ని రెమింగ్టన్ ర్యాండ్ అనే పెద్ద కంపెనీ కొనేసింది. అక్కడ తయారయ్యే కంప్యూటర్ పేరు యూనివాక్.

ఇక్కడే ఆమె తొలి జోస్యం చెప్పింది. అప్పట్లో ప్రోగ్రాం రాసేవాళ్ళు ప్రతి చిన్న పనికీ యంత్రానికి అంకెల్లో ఆజ్ఞలు రాయాలి. ఒకరు రాసిన మంచి భాగాన్ని ఇంకొకరు చేత్తో నకలు చేసుకునేవారు. నకలులో తప్పులు దొర్లేవి. మన వంటింటి సంగతే చూడండి. వంట వచ్చిన కూతురికి పోపు పెట్టవే అంటే చాలు. నూనె కాగనివ్వు, ఆవాలు వెయ్యి, చిటపటలాడాక మినప్పప్పు వెయ్యి, ఎండుమిరప తుంచు, కరివేపాకు దుయ్యి అని వరసగా చెప్పక్కర్లేదు. ఒక్క మాటలో అన్నీ ఇమిడి ఉన్నాయి. కంప్యూటర్‌కి కూడా ఇలా నేర్పొచ్చంది గ్రేస్. ఒక్క పేరు చెబితే ఆ పనికి కావలసిన ఆజ్ఞలన్నీ యంత్రమే వెతికి పేర్చుకోవాలి. 1952 నాటికి అలాంటి ప్రోగ్రాం తయారుచేసి చూపించింది కూడా. దానికి ఆమె పెట్టిన పేరు కంపైలర్.

చూసి మెచ్చుకున్నారా? లేదు. కంప్యూటర్ లెక్కలు చేస్తుంది గానీ ప్రోగ్రాం ఎలా రాస్తుందంటూ కొట్టిపారేశారు. పని చేస్తున్నది కళ్ళెదుట ఉన్నా ముట్టుకునేవాళ్ళు లేకపోయారు.

ఆమె ఇంకో అడుగు ముందుకేసింది. రేపు కంప్యూటర్ వాడేది లెక్కల ప్రొఫెసర్లు కాదు. జీతాలు వేసే గుమాస్తా, సరుకు లెక్కలు చూసే సిపాయి, స్టోర్సు ఆఫీసరు. వాళ్ళు గుర్తుల భాష నేర్చుకోరు, కాబట్టి యంత్రమే వాళ్ళ మాటలు నేర్చుకోవాలంది. మాటలతో నడిచే భాష చేస్తానంటే కంపెనీ పెద్దలు ఒప్పుకోలేదు. యంత్రానికి ఏ భాషయినా ఒకటేనని నిరూపించడానికి అదే ప్రోగ్రాంని ఫ్రెంచి మాటల్లోనూ, జర్మన్ మాటల్లోనూ నడిపి చూపించింది. దాంతో పెద్దలు మరీ కంగారుపడ్డారు. అమెరికాలో పుట్టిన యంత్రం ఫ్రెంచి, జర్మన్ ఎలా అర్థం చేసుకుంటుందని! ఇంగ్లీషుకే పరిమితమవుతానని మాటిస్తే గానీ పని ముందుకి సాగలేదు. అలా 1950లలోనే ఫ్లో-మాటిక్ అనే భాష తయారైంది. తెలుగు మీడియంలో చదువుకున్న నాకు ఇది చదివినప్పుడు ఒళ్ళు పులకరించింది. ఆవిడ లెక్క ప్రకారం కూడు, తీసెయ్యి, రాయి అని తెలుగులో చెప్పినా ఆ యంత్రం వినేదే కదా!

పెంటగన్‌లో పంచాయితీ

ఈలోగా సైన్యానికి పెద్ద చిక్కొచ్చిపడింది. 1959 నాటికి అమెరికా రక్షణ శాఖ దగ్గర 225 కంప్యూటర్లున్నాయి. ఇంకో 175కి ఆర్డర్లిచ్చారు. ప్రోగ్రాములకే 20 కోట్ల డాలర్లకి పైగా ఖర్చయింది. తీరా చూస్తే ఒక కంపెనీ కంప్యూటర్‌కి రాసిన ప్రోగ్రాం ఇంకో కంపెనీ దాని మీద నడవదు. యంత్రం మారిస్తే ప్రోగ్రాములన్నీ మొదట్నుంచీ రాయాల్సిందే. యంత్రాల కంటే ప్రోగ్రాముల ఖర్చే తలకు మించిన భారమవుతుందని అందరికంటే ముందు గ్రహించినవాళ్ళలో గ్రేస్ ఒకరు.

అన్ని యంత్రాలకీ ఒకే భాష ఉండాలన్న కదలికని మొదలుపెట్టింది కూడా ఓ మహిళే. బరోస్ కంపెనీలో పనిచేసే మేరీ హాస్. 1959 మే నెలలో రక్షణ శాఖ పిలుపు మీద పెంటగన్‌లో నలభై మందికి పైగా కూర్చుని మాట్లాడారు. ఆ చర్చల్లోంచి వచ్చిందే కోబాల్. ఆ భాషని రాసిన ఆరుగురిలో గ్రేస్ లేదు. జీన్ సామెట్, గెర్ట్రూడ్ టియర్నీ అనే ఇద్దరు మహిళలున్నారు. గ్రేస్ సాంకేతిక సలహాదారు. కానీ కోబాల్‌కి పునాది మాత్రం చాలావరకు ఆమె ఫ్లో-మాటిక్‌దే. అందుకే కోబాల్ బామ్మ అని పేరొచ్చింది. 1960 డిసెంబరులో ఒకే కోబాల్ ప్రోగ్రాంని రెండు వేర్వేరు కంపెనీల కంప్యూటర్ల మీద నడిపి చూపించారు. కోబాల్ రాని కంప్యూటర్లు కొనేది లేదని ప్రభుత్వం పట్టుబట్టేసరికి కంపెనీలన్నీ దారికొచ్చాయి.

అడుగు తీగ చెప్పిన జోస్యం

1966 చివర్లో నేవీ ఆమెని రిటైర్ చేసింది. అరవై ఏళ్ళు. చాలా బాధపడింది. ఏడు నెలలకే, 1967 ఆగస్టులో, నేవీయే వెనక్కి పిలిచింది. కోబాల్‌ని ఒక్కో చోట ఒక్కో రకంగా రాసుకుని గందరగోళం చేశారు, ఆర్నెల్లుండి చక్కబెట్టి వెళ్ళమన్నారు. ఆ ఆర్నెల్లు పంతొమ్మిదేళ్ళయ్యాయి! ఏ కంపెనీ కోబాల్ అయినా సరే, నియమాల ప్రకారం ఉందో లేదో పరీక్షించే పద్ధతులు ఆమె బృందం తయారుచేసింది.

సైన్యం మాటల్లో కమాండ్ అండ్ కంట్రోల్ అని ఒకటుంది. ఎవరు ఎక్కడున్నారో తెలుసుకోవడం, ఏం చెయ్యాలో నిర్ణయించడం, ఆ ఆజ్ఞని చివరి మనిషి దాకా చేర్చడం. ఈ మొత్తం ఏర్పాటు మెల్లగా కంప్యూటర్ల చేతుల్లోకి వెళుతున్న రోజులవి. అందరూ ఇంకా పెద్ద యంత్రం, ఇంకా పెద్ద యంత్రం అంటున్నారు. గ్రేస్ మాత్రం 1970లలోనే అడ్డం తిరిగింది. ఒక్క ఎద్దు లాగలేని బరువుంటే ఏనుగంత ఎద్దుని పెంచుతామా, ఇంకో ఎద్దుని జత కడతామా అన్నది ఆవిడ వాదన. చిన్న చిన్న కంప్యూటర్లు చాలా పెట్టి, వాటిని ఒకదాంతో ఒకటి కలపమంది. ఎక్కడ కూర్చున్నవాళ్ళయినా అందరికీ ఉమ్మడిగా ఉన్న సమాచారాన్ని అందుకునేలా ఉండాలంది. పెళ్ళివారింట్లో తాళంచెవులన్నీ ఒక్క పెద్దత్తయ్య కొంగునే ఉంటే, ఆవిడకి జ్వరమొచ్చిన రోజున పెళ్ళే ఆగిపోతుంది. యుద్ధంలోనూ అంతే కదా. ఇవాళ మనం ఇంటర్నెట్ అని, నెట్‌వర్క్ అని చెప్పుకునేదంతా ఈ దారిలోనిదే.

ఇక తీగ సంగతి. ఉపగ్రహం ద్వారా కబురు పంపితే ఆలస్యమెందుకవుతోందని అడ్మిరల్స్ అడిగేవారు. సెకనులో వందకోట్లో వంతుని నానోసెకను అంటారు. ఆ కాసింత సమయంలో విద్యుత్ సంకేతం మహా అయితే ఒక అడుగు, అంటే దాదాపు 30 సెంటీమీటర్లు పోగలదు. ఆ పొడవు తీగ ముక్క వాళ్ళ చేతిలో పెట్టి, ఇక్కడికీ ఉపగ్రహానికీ మధ్య ఇలాంటివి ఎన్ని పడతాయో ఊహించుకోమనేది. మైక్రోసెకను చూపించడానికి 300 మీటర్ల తీగచుట్ట మోసుకొచ్చేది. అంతుపట్టని విషయాన్ని అరచేతిలో పెట్టడమంటే ఇదీ!

1982 ఆగస్టు 19న అమెరికా జాతీయ భద్రతా సంస్థలో భవిష్యత్తు మీద ఓ పెద్ద ఉపన్యాసం ఇచ్చింది. అప్పటికి 75 ఏళ్ళు, కెప్టెన్ హోదా. డేటా, యంత్రాలు, సాఫ్ట్‌వేర్, మనుషులు... ఈ నాలుగింటి రేపటి గురించీ మాట్లాడింది. ఆ రికార్డింగు ఏళ్ళ తరబడి మూలపడి ఉంది. బయటికి తీద్దామంటే ఆ పాతకాలపు వీడియో టేపు ఆడించే యంత్రమే ఆ సంస్థ దగ్గర లేదు! చివరికి జాతీయ అభిలేఖాగారం (నేషనల్ ఆర్కైవ్స్) సాయంతో 2024 ఆగస్టులో జనం ముందుకొచ్చింది. నలభై ఏళ్ళలో యంత్రం మూలకి చేరింది, ఆమె మాటలు మాత్రం చేరలేదు.

ఆ రోజుల్లో ఆమె తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. ఓ కర్మాగారం నుంచి కంప్యూటర్‌కి రెండు సమాచారాలొచ్చాయనుకోండి. ఒకటి, ఫలానా వాల్వు పేలబోతోంది. రెండు, ఫలానా కార్మికుడు రెండు గంటలు ఎక్కువ పనిచేశాడు. ఏది విలువైంది? ఎవరైనా చెబుతారు. కానీ కంప్యూటర్‌కి రెండూ ఒకటే. సమాచారం వరదలా రాబోతోంది, అందులో ఏది ముందు చూడాలో తేల్చే కొలబద్ద మన దగ్గర లేదు, ముందు దాని సంగతి చూడండి అని మొత్తుకుంది.

1988 జులై 3న ఏం జరిగిందో చూడండి. పర్షియన్ గల్ఫ్‌లో అమెరికా యుద్ధనౌక విన్సెన్స్, ఇరాన్ ప్రయాణికుల విమానాన్ని యుద్ధవిమానం అనుకుని కూల్చేసింది. 290 మంది చనిపోయారు. ఆ ఓడలో ఉన్నది అప్పట్లో అత్యాధునికమైన ఏజిస్ కంప్యూటర్ వ్యవస్థ. విమానం పైకి లేస్తోందని యంత్రం సరిగ్గానే నమోదు చేసింది. కంగారులో మనుషులు అది తమవైపు దిగుతోందని చెప్పుకున్నారు. ఈ ఘోరంతో గ్రేస్‌కి ఏ సంబంధమూ లేదు. కానీ ఆవిడ అడిగిన ప్రశ్న ఎంత అసలైందో నాకు ఇక్కడే బోధపడింది. తెర మీద నిజం ఉంటే చాలదు, నిర్ణయం తీసుకునే మనిషికి అది సమయానికి, అర్థమయ్యేలా చేరాలి.

చూడాలనుకున్న రాత్రి

1983లో కమొడోర్‌ అయింది. 1985లో ఆ హోదా పేరే రియర్ అడ్మిరల్‌గా మారింది. 1986 ఆగస్టు 14న బోస్టన్‌లో, నేవీలోకెల్లా పాత ఓడ కాన్‌స్టిట్యూషన్ మీద ఆమెకి వీడ్కోలిచ్చారు. 79 ఏళ్ళు. అప్పటికి నేవీలో విధుల్లో ఉన్న అధికారులందరిలోనూ పెద్దది. వయసెక్కువని తలుపు వేసినవాళ్ళే, వయసు చూసి సెల్యూట్ కొట్టారు! ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకుందా? లేదు. డిజిటల్ ఈక్విప్‌మెంట్ కంపెనీలో సలహాదారుగా చేరింది. 1991లో జాతీయ సాంకేతిక పతకం అందుకుంది. వ్యక్తిగతంగా అది అందుకున్న తొలి మహిళ ఆమే. 1992 జనవరి 1న కన్నుమూసింది. ఆర్లింగ్టన్ సైనిక శ్మశానంలో ఖననం చేశారు. ఆమె పేరు పెట్టిన యుద్ధనౌక హాపర్ 1997లో విధుల్లో చేరింది. దాన్లో ఉన్నదీ ఏజిస్ వ్యవస్థే. 2016లో దేశాధ్యక్షుడు ఒబామా, మరణానంతరం ఆమెకి స్వాతంత్ర్య పతకం ప్రకటించారు.

ఆమె చెప్పినవన్నీ అక్షరాలా జరిగాయని నేననను. మామూలు మాటల్లో రాస్తే మేనేజర్లూ ప్రోగ్రాములు చదువుతారని ఆశించారు. ఏ మేనేజరూ చదవడం నేను చూళ్ళేదు. ఇంకొకటి, ఆ తరం ప్రోగ్రాములు ఇన్నేళ్ళు బతుకుతాయని ఎవరూ గట్టిగా అనుకోలేదు. చోటు కలిసొస్తుందని 1967 అని రాయాల్సిన చోట 67 అని రాసుకున్నారు. 2000 వస్తే రెండు సున్నాలు. అది 1900 అనుకుంటుందా, 2000 అనుకుంటుందా? ప్రపంచమంతా హడలిపోయిన వై2కె గొడవ ఇదే. ఆ గొడవే మన పిల్లలకి అన్నం పెట్టింది. అమీర్‌పేట గోడల నిండా కోబాల్ బోర్డులు వెలిశాయి. ఆడపిల్లలు హాస్టళ్ళలో ఉండి నేర్చుకున్నారు. నా మొదటి ఉద్యోగం కూడా పాత కోబాల్ ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాల్ని నాలుగంకెలు చెయ్యడమే. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి ముప్పై ఏళ్ళ కిందట రాసిన ప్రోగ్రాం కూడా చదివితే అర్థమయ్యేది. అది ఆ బామ్మ చలవే.

1999 డిసెంబరు 31 రాత్రి దాకా బతకాలని గ్రేస్‌కి ఎంతో కోరికగా ఉండేది. ఆ రాత్రి సంబరం చూడాలని ఒకటి. కంప్యూటర్లతో ఇది కుదరదు, అది కుదరదు అన్నవాళ్ళందరికీ, చూశారా మేం ముందే చెప్పలేదూ అని చెప్పాలని రెండోది. ఎనిమిదేళ్ళ తేడాలో ఆ కోరిక తీరలేదు. ఆ రాత్రి మా ఆఫీసులో డ్యూటీ ఉన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. మాతోపాటు ఇంకో నలుగురమ్మాయిలు. తేదీ మారింది. మేం సరిచేసిన జీతాల ప్రోగ్రాం నడిపి చూశాం. సరిగ్గా 2000 అని చూపించింది. అదే రోజు అమెరికాలో నిఘా ఉపగ్రహాల సమాచారాన్ని చదివే భూమ్మీది కంప్యూటర్లు మాత్రం కొన్ని గంటలపాటు మొరాయించాయి. 2020లో కరోనా వచ్చి నిరుద్యోగ భృతి దరఖాస్తులు వెల్లువెత్తినప్పుడు కూడా కోబాల్ వచ్చినవాళ్ళు కావాలని న్యూజెర్సీ గవర్నరు అడగాల్సొచ్చింది.

ఇన్నీ చదివాక, ఆవిడకి రేపు ఎలా కనిపించిందన్న నా ప్రశ్నకి నాకు దొరికిన జవాబు చాలా మామూలుది. ఆవిడ యంత్రాన్ని చూసి భవిష్యత్తు చెప్పలేదు. ఆ యంత్రం ముందు రేపు కూర్చోబోయే గుమాస్తాని, సిపాయిని, కమాండర్ని చూసి చెప్పింది. మీ ఆఫీసులోనో, మీ బ్యాంకులోనో, మీ సంఘంలోనో కొత్త కంప్యూటర్ పద్ధతి ఏదైనా వస్తే, రోజూ దానితో అవస్థపడేది మీరే. ఎక్కడ ఇబ్బందిగా ఉందో ముందు తెలిసేదీ మీకే. మనకేం తెలుసులే అని ఊరుకోకుండా పైవాళ్ళకి చెప్పండి. మొదటిసారి చెబితే వినరు. గ్రేస్ మాటా మొదటిసారి ఎవరూ వినలేదు.

ఆవిడ ఆఫీసు గోడ మీద ఓ గడియారం ఉండేది. ముళ్ళు ఎడమవైపుకి తిరిగేవి, అంకెలూ తిరగేసే ఉండేవి. టైము మాత్రం సరిగ్గానే చూపించేది. వచ్చినవాళ్ళు కాసేపు తికమకపడి, తర్వాత అలవాటుపడిపోయేవారట.